కల్పితరాజ్యముల యాయుధములు: శకటభేదక క్షిపణీవర్ణన విమర్శము

లేని దేశమునకు భూగోళమును, లేని రాజునకు వంశావళిని, లేని సేనకు నాయుధాగారమును గల్పించి వ్రాయుట నేఁడొక రచనాశాఖగాఁ బెరుఁగుచున్నది. ఇట్టి రచనలలోఁ గథ యుండదు, నాయకుఁ డుండఁడు, సంవాదము లుండవు. కల్పితరాజ్యముయొక్క నాణెములు, పతాకము, రైలుమార్గములు, సేనాపతుల బిరుదములు మున్నగునవి విజ్ఞానసర్వస్వములోని వ్యాసములవలె వేఱువేఱుగ వర్ణింపఁబడును. అట్టి వర్ణ్యవస్తువులలోఁ దఱచుగఁ గానవచ్చున దొకటి శకటభేదకమగు నియంత్రితక్షిపణి; అనఁగా, ఒక్కఁడో యిద్దఱో కాల్బంట్లు భుజముపై మోసికొనిపోయి, ట్యాంకను నినుపరథముపైఁ బ్రయోగించి, గుఱిని జేరువఱకు దారి తప్పకుండ నడపింపఁదగిన యస్త్రము. దానికొక పేరు, పుట్టిన యేఁడు, బరువు, పొడవు, పాఱుదూరము, ఉక్కునెంత లోఁతు దొలుచునో యా కొలఁత, ఏయే యుద్ధములందు వాడఁబడెనో యా పట్టిక: ఇంతటితో వర్ణనము ముగియును. ఇది కావ్యమా, శాస్త్రమా, రెండును గాని జాబితాయా యను ప్రశ్న విమర్శకుల ముందఱ నున్నది. పిల్లలయాటయని త్రోసివేయువారును గలరు. కాని నాలుగు పుటలలో నొక రాజ్యమును నిలుపఁబూనిన రచన, నూఱు పద్యములలో నొక పురమును వర్ణించిన రచనవలెనే, గుణదోషవిచారణకుఁ బాత్రమే.

కల్పితరాజ్యమున కాయుధములను గూర్చుట నేఁటి వింత గాదు. 1516వ సంవత్సరమున లాటినుభాషలో వెలువడిన "యుటోపియా" యందు టామస్ మోరు ఆ పేరుగల ద్వీపవాసుల యుద్ధనీతిని వర్ణించుచు, వారి యంత్రములను గూర్చి రెండు మూఁడు వాక్యములు మాత్రమే వ్రాసెను. ఆ జనులు యుద్ధయంత్రములను గల్పించుటలో మిక్కిలి నేర్పరులు. కల్పించినవానిని సమయము వచ్చువఱకు దాఁచి యుంచెదరు. ముందుగఁ దెలిసినచో నవి శత్రువుల పరిహాసమునకే గాని పనికిరావని వారి తలంపు. వానిని నిర్మించునపుడు వారు మొట్టమొదటఁ జూచునది మోయుటకును ద్రిప్పుటకును సులభముగ నుండుటయే. దూరమెంత, వేగమెంత, భేదనశక్తి యెంత యని మోరు చెప్పలేదు. అయినను జదువరికిఁ గొఱఁత తోఁపదు. యుద్ధము నేవగించుకొనువారు, తప్పనిసరియైనచో దానిని స్వల్పవ్యయముతో ముగింపఁగోరువారు, డంబమును గాక సౌకర్యమును మెచ్చువారు నగు నొక జాతివారి స్వభావ మా మాటలలోఁ దెల్లమైనది. ఆయుధమును వర్ణింపఁబోయి మోరు దేశమును జూపెను. నేఁటి వర్ణనములు దేశమును జూపఁబోయి యాయుధమును మాత్రమే చూపుచున్నవి.

స్విఫ్టు 1726లో వెలువరించిన "గలివరు యాత్రల" యందీ విషయము మఱింత స్ఫుటముగ నున్నది. అందలి లపూటా యెగురు ద్వీపము. దాని యడుగు వజ్రశిలామయము. గర్భమున నొక పెద్ద యయస్కాంతశిల గలదు. ఆ శిలను ద్రిప్పి ద్వీపమును గావలసినవైపు నడపుదురు. క్రింది పట్టణములు తిరుగఁబడినచో రాజు ద్వీపమును వానిపై నిలిపించి యెండను, వానను మఱుఁగుపఱచును. పైనుండి ఱాళ్లు రువ్వించును. తుదకు ద్వీపమునే యూరిపైకి దింపి నలుఁగఁగొట్టఁగలఁడు. ఇది యెదురులేని యాయుధమని చదువరి భయపడుచుండఁగానే స్విఫ్టు దానికి హద్దులు గీయును. ఆ శిల తన రాజ్యపుటెల్లలు దాఁటి పనిచేయదు. నాలుగుమైళ్లకు మించిన యెత్తున దానికి బలము లేదు. ఊరిలో నెత్తైన ఱాళ్లో, గోపురములో యున్నచో మీఁదఁబడునప్పుడు వజ్రపుటడుగే పగులవచ్చును. లిండలీనో యను పట్టణమువా రీ కొఱఁతనే పట్టుకొనిరి. నాలుగు గోపురములు కట్టి వానిపై నయస్కాంతములు నిలిపిరి. ఆ యుపాయము తప్పినచో నడుగును బ్రద్దలుకొట్టుటకని మిక్కిలి మండునట్టి యింధనమును గూర్చిరి. పైవా రొక వజ్రపుఁదునుకను ద్రాటఁ గట్టి దింపి చూచిరి. గోపురము దానిని బలముగ లాగుకొనెను. రాజు పురజనుల కోరికల కొడఁబడెను. కవచమును ఛేదించుటకు సామాన్యజనులు కూర్చిన సాధనము కల్పితరాజ్యసాహిత్యమున నిచ్చట స్పష్టముగఁ గానవచ్చును. ఈ ఘట్టము డబ్లిను పురజనుల ప్రతిఘటనమునకు సంకేతమని పండితులు తలంతురు. అది స్విఫ్టు కాలమున నచ్చుపడలేదు. 1899లోఁగాని గ్రంథమునఁ జేరలేదు. లేని దేశపు టాయుధమునుగూర్చిన కొన్ని పంక్తులు నూటడెబ్బదియేండ్లకుఁ బైగా నచ్చునకు దూరమై యుండెననిన, ఆ కల్పన యెంత బలము గలదో యూహింపవచ్చును.

పై రెండును బాశ్చాత్యరచనలు. ఇట్టివానిని దూఁచుటకుఁ దగిన త్రాసు మన యాలంకారికులలో భామహునియొద్దఁ గలదు. ఆయన కావ్యాలంకారము చిరకాలము మాటుపడియుండి, 1909లో ఓరుఁగంటి ప్రతాపరుద్రుని యాస్థానమునందలి విద్యానాథుఁడు రచించిన ప్రతాపరుద్రయశోభూషణమున కనుబంధముగ కె. పి. త్రివేదిగారిచే బొంబాయి గ్రంథమాలలోఁ బ్రకటింపఁబడెను. ఆంధ్రదేశపు టలంకారగ్రంథము చాటున నది వెలుఁగు చూచుట యొక సంతోషకరమైన సంఘటనము. దాని నాలుగవ పరిచ్ఛేదమున న్యాయవిరోధమను దోషమునకు భామహుఁడు వత్సరాజకథ నుదాహరణముగఁ దీసికొనెను. ఆ కథ పండితు లెఱిఁగినదే. గజవిద్యాప్రియుఁడగు నుదయనుని బట్టుటకై యుజ్జయినీపతి కృత్రిమగజము నొకదానిని జేయించి, దానిలోపల యోధులను దాఁచి యడవిలో నిలిపించెను. ఉదయనుఁడు మోసపోయి చిక్కెను. తోలుతోఁ గూర్చిన యేనుఁగు, గర్భమున సాయుధులగు యోధులు: నేఁటి ట్యాంకునకు దీనికంటె దగ్గఱిచుట్టము మన ప్రాచీనకథలలో దొరకుట యరిది.

భామహుఁ డడిగిన ప్రశ్నలు మూఁడు. నూఱుగురు యోధులతో నిండి, సాలంకాయనుఁడు నడపుచుండఁగాఁ దన నేలమీఁదికే వచ్చిన మాయయేనుఁగును బ్రాజ్ఞుఁడైన రాజు గుర్తింపకుండుటెట్లు? ప్రాణముగల యడవియేనుఁగునకును దోలుబొమ్మకును గల భేదము బాలుఁడైన నెఱుఁగును గదా. మఱియు, తమ్ముఁడో, కొడుకో, తండ్రియో, మేనమామయో, మేనల్లుఁడో వీనిచేతనే చచ్చెనని కసిగొన్న పలువురు శత్రువులు, అడవిలో నొంటరిగాఁ జిక్కినవానిపై బాణములు గురియఁగా, నవి మర్మస్థానములను దప్పించుకొనియే పడునని నమ్ముటెట్లు? ఇట్లడిగి, శాస్త్రమును, లోకమును బ్రక్కకుఁ ద్రోసి కవియభిప్రాయమును సమర్థించు పండితులకొక దండమని యెత్తిపొడుచుటకూడ నాయన మానలేదు. తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912లోఁ బ్రకటించిన ప్రతిజ్ఞాయౌగంధరాయణమున నీ కథయే యుండుటచే, భామహుఁడు దానినే దూషించెనని కొందఱును, బృహత్కథాపరంపరలోని వేఱొక కథనమును దూషించెనని కొందఱును వాదించిరి. ఆ వివాద మిచ్చట నక్కఱలేదు, కావలసినది పరీక్షావిధానము. ఇట్టి యంత్రము లోకమున లేదని భామహుఁ డనలేదు. యంత్రమును గల్పించితివి గదా, అది పనిచేయునప్పు డేమి జరుగునో చెప్పుమని యడిగెను. మొదటి ప్రశ్న యంత్రపు నడకను గూర్చినది. రెండవది చూచువాని కంటిని గూర్చినది. మూఁడవది లోపలివారి మనస్సును గూర్చినది.

కవిసృష్టి నియతికృతనియమములకు లోఁబడదని మమ్మటుఁడు చెప్పెను. ఆనందవర్ధనుఁడు కవిని బ్రజాపతితోఁ బోల్చెను. ఈ మాటలను జూపి భామహుని కాదనువా రుండవచ్చును. కాని పుష్పకవిమానమును గల్పించు కవికిఁ గల స్వేచ్ఛ, కిలోగ్రాములను, మీటర్లను ఎత్తుకొన్న కవికి లేదు. కొలఁత చెప్పిన క్షణముననే యతఁడు శాస్త్రమును దన యింటికిఁ బిలుచుకొన్నవాఁ డగుచున్నాఁడు. పిలిచిన యతిథికి మర్యాద చేయక తప్పదు.

ఈ త్రాసున శకటభేదకక్షిపణీవర్ణనములను దూఁచినచో మొదటఁ గానవచ్చునది శాస్త్రవిరోధము. ఈ యస్త్రపు శిరస్సునందలి ప్రేలుడుపదార్థము ముందువైపున శంకువాకృతిగఁ దొలువఁబడి, ఆ తొఱ్ఱకు సామాన్యముగ రాగిరేకు తొడుగఁబడి యుండును. ప్రేలినపుడా రేకు సన్నని ధారగా మాఱి, సెకండునకుఁ గొన్ని కిలోమీటర్ల వేగముతోఁ గవచమునఁ జొచ్చును. తొఱ్ఱగల ప్రేలుడుపదార్థమున కిట్టి గుణముండుటను మన్రో యను నమెరికా రసాయనశాస్త్రజ్ఞుఁడు 1888లో గమనించెను. ఆ ధార కవచమును గరగింపదు. మితిలేని యొత్తిడిచే నుక్కును బ్రక్కలకుఁ ద్రోసికొనుచుఁ దొలుచును. కల్పితక్షిపణులకో, కవచమును మైనమువలెఁ గరగించుటయే గుణముగఁ జెప్పఁబడుట తఱచు. క్షిపణి యెంత వేగముగఁ బోయిన నంత లోఁతు దొలుచునని వ్రాయుటయుఁ గలదు. ధారావేగము ప్రేలుడునుండి పుట్టునది గాని క్షిపణిగమనమునుండి పుట్టునది కాదు. తొలుచులోఁతు శంకువు వెడల్పు ననుసరించి యుండును గనుకఁ, బిడికిలియంత శిరస్సుతో మీటరు మందపు టుక్కును దొలిపించుట, తోలుటేనుఁగులో నూఱుగురు యోధులను గూర్చుండఁబెట్టుటవంటిదే.

ఇట్టి చిక్కులు వచ్చినచోట "ఇది రాజ్యరహస్యము" అని తప్పించుకొనుట యొకటి. భోజుఁడును సమరాంగణసూత్రధారమున యంత్రముల కూర్పును బూర్తిగఁ జెప్పకపోవుట రహస్యరక్షణకొఱకే గాని యజ్ఞానముచేఁ గాదనెను. అయితే భోజుఁడు యంత్రము లేమి చేయునో, వానికుండవలసిన గుణము లెవ్వియో విరివిగఁ జెప్పి, కూర్పును మాత్రము దాఁచెను. దాఁచుటకుఁ బూర్వ మొకటి యుండవలెను గదా.

పై తప్పులు దిద్దుకొనఁదగినవి. వానికంటెఁ బెద్ద లోపము హద్దులేమి. సోవియట్టుసేన 1963లోఁ జేకొనిన "మాల్యుత్క" యను క్షిపణి నుదాహరణముగఁ దీసికొనవచ్చును. ఆ పేరునకుఁ బసిబిడ్డ యని యర్థము. ఇంచుమించు 11 కిలోగ్రాముల బరువుగల యీ యస్త్రమును బెట్టెలో నిడి వీఁపునఁ దగిలించుకొని పోవచ్చును. అది 3000 మీటర్ల దాఁకఁ బాఱును. కాని 500 మీటర్లకు లోపలనున్న గుఱిపై నిష్ప్రయోజనము. విడువఁబడిన యస్త్రమును సైనికుఁడు తన చూపులోనికిఁ దెచ్చుకొని, చేతిపిడితో వశపఱచుకొనుటకే యంత దూరము పట్టును. దాని తోఁకనుండి సన్నని తీఁగ విడివడుచుఁ బోవును. వాని యాజ్ఞ లా తీఁగవెంటఁ బరుగెత్తును. కడదూరము చేరుటకు సుమారు 25 సెకండ్లు. అంతసేపును వాఁడు గుఱిని, అస్త్రమును గూడఁ జూచుచుండవలెను, చేయి వణఁకరాదు. 1973 అక్టోబరున సినాయి యెడారియం దీజిప్టు కాల్బలము వీనితో నిస్రాయేలు ట్యాంకులను బెక్కింటిని బడఁగొట్టెను. పిదప ట్యాంకులవారు కనిపెట్టిన ప్రతిక్రియ కవచమును దట్టము చేయుట కాదు. క్షిపణి లేచినచోటికి గుండ్లు గురిపించి యా చేతిని వణఁకించిరి. దుమ్ము రేపి, యటునిటు పరుగెత్తి, వాని కంటిని దప్పించిరి. ఆ యస్త్రముయొక్క బలహీనత యినుమునందుఁ గాక మనుష్యుని యోర్పునం దుండెను.

ఇరువదియైదు సెకండ్ల యీ వ్యవధి యొక నాటకకర్తకు నంకమంత సామగ్రి. కల్పితక్షిపణీవర్ణనములు దీనిని వేగమను నొక సంఖ్యలోఁ బూడ్చివేయుచున్నవి. తరువాతి తరమునకుఁ జెందిన "మిలాను" 2000 మీటర్లు పాఱును. పండ్రెండు పదుమూఁడు సెకండ్లు పట్టును. సైనికుఁడు గుఱిపైఁ జూపు నిలిపిన జాలును, దారి దిద్దుపని యంత్రమే చూచుకొనును. 1996లో నమెరికాసేనయందుఁ జేరిన "జావెలిన్" విడిచిన పిదప సైనికుఁడు వెంటనే దాఁగవచ్చును. అది గుఱియొక్క వేడిని జూచుచుఁ దానే పోయి, పైకప్పున కవచము పలుచనగుటచే మీఁదినుండి పడును. లిండలీనోవారు క్రిందినుండి తలఁచిన పని యిది పైనుండి చేయుచున్నది. ఇంతమాత్రాన హద్దు తొలఁగిపోలేదు. సైనికుని చేతినుండి యంత్రపు కంటికిని, వెలకును మాఱినది. హద్దెచ్చటికి మాఱెనో చెప్పిన రచయిత యా రాజ్యముయొక్క ధనాగారమును, కర్మాగారమును, కాల్బంటు బ్రదుకును జెప్పకయే చెప్పినవాఁడగును. జూల్ వెర్ను 1879లో వ్రాసిన "బేగము ధనము" అను కథలోని కల్పితపురాధిపతి షుల్ట్‌జే ప్రయోగించిన మహాశతఘ్ని గుండు మితిమించిన వేగముచే నేలపైఁ బడక యాకసమునఁ దిరుగుచు నుండిపోవును. బలాధిక్యమే గుఱి తప్పుటకుఁ గారణమగుట రసవంతమైన కల్పన.

ఇచ్చట నొక పదవిచారము. అగ్నిపురాణమునందలి ధనుర్వేదభాగమున యుద్ధసాధనములు యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, బాహుయుద్ధము అని యైదు తెఱఁగులుగ విభజింపఁబడినవి. విడిచియు మఱలఁ బట్టఁదగినది ముక్తసంధారితము. తీఁగతో నడచు క్షిపణి యంత్రముక్తమే యైనను, దాని యొడలు మాత్రమే విడువఁబడినది, వశము విడువఁబడలేదు. కావున నది యా రెండు తెఱఁగులకు నడుమ నిలుచును. క్షిపణి యను మాటయు విచార్యమే. అమరకోశమున క్షేపణి యనఁగా నావతెడ్డు. విసరుట, త్రోయుట యను నర్థములుగల ధాతువునుండి పడవను నడపు సాధనమునకుఁ బేరు వచ్చుట చూడఁగా, నడపఁబడు నాయుధమున కీ శబ్ద మనుకొనకయే చక్కఁగ నమరినది. ఈ చర్చ యాంధ్రులకుఁ బరదేశవార్త గాదు. హైదరాబాదున 1970లో స్థాపింపఁబడిన భారత్ డైనమిక్స్ సంస్థ మిలాను క్షిపణులను నిర్మించెను. మనుష్యుఁడు మోయఁదగిన స్వదేశీయ శకటభేదకక్షిపణి 2019 సెప్టెంబరు 11న కర్నూలు క్షేత్రమునఁ బరీక్షింపఁబడెను. వస్తువు తెలుఁగునేలమీఁద సిద్ధమగుచుండఁగా దాని యంగములకుఁ బేరులు మాత్రము వార్తాలేఖకుల తొందరలోఁ బుట్టుచున్నవి. కల్పితరాజ్యమును దెలుఁగున నిర్మింపఁగోరు రచయిత కిది మొదటి చిక్కు, మొదటి యవకాశమును.

హద్దునే గుణముగ మలచుకొనుట మన యితిహాసకవులకు వెన్నతోఁ బెట్టిన విద్య. భారతమున నస్త్రమున కధిదేవత, అధికారి, ప్రయోగము, ఉపసంహారము అను నంగములు గలవు, తూనికలు లేవు. ఇంద్రుఁడు కర్ణునకిచ్చిన శక్తి యొక్కమాఱే పనిచేయును. కర్ణుఁడు దాని నర్జునునికై దాఁచుకొనెను. రాత్రియుద్ధమున ఘటోత్కచునిపై వెచ్చింపక తప్పినది కాదు. ద్రోణపర్వము చదువువాని గుండె యచ్చట ఘటోత్కచుని పాటునకే కాదు, కర్ణుని చేయి వట్టిదగుటకునుఁ గలఁగును. కల్పితక్షిపణీవర్ణకుఁడు తన రాజ్యమున నట్టివి వేలకొలఁది యున్నవని గర్వముతో వ్రాసినపుడు, ఒక్కొక్కదాని విలువను వేయింట నొకపాలుగఁ దగ్గించుకొనుచున్నాఁడు. నారాయణాస్త్రము మఱియొక తెఱఁగు. అది యెదిరించువానిపైనే విజృంభించును. వాహనము దిగి యాయుధము విడిచినవానిని ముట్టదు. కృష్ణుఁడు పాండవసేన నంతటిని రథములు, గజములు, హయములు దిగుఁడని హెచ్చరించెను, భీముఁడు వినలేదు, తుదకుఁ గృష్ణార్జునులు వానిని రథమునుండి పట్టి లాగవలసి వచ్చెను. దుర్యోధనుఁడు మఱల దానినే ప్రయోగింపుమనఁగా, రెండవమాఱు ప్రయోగించినఁ బ్రయోక్తనే చంపునని యశ్వత్థామ చెప్పెను. రథమునం దున్నవాఁడు వధ్యుఁడు, దిగినవాఁ డవధ్యుఁడు! శకటభేదకమున కింత నిశితమైన నియమమును గల్పించుటకు నేఁటి కల్పకులకు నడ్డమేమియు లేదు. చేసినట్లు మాత్రము తఱచుగఁ గానరాదు.

సౌప్తికపర్వమునందలి యస్త్రము వీనియన్నిటికంటెను మోయఁదేలికయైనది, అదొక గడ్డిపోచ. అశ్వత్థామ దాని నభిమంత్రించి బ్రహ్మశిరోస్త్రముగ విడిచెను; అర్జునుఁడు ప్రతిగా నదే విడిచెను; వ్యాసనారదులు నడుమ నిలిచిరి. అర్జునుఁడు తన యస్త్రమును మరలించుకొనెను. మరలించు సామర్థ్య మశ్వత్థామకు లేదు. ఆ యస్త్ర ముత్తరగర్భమునకుఁ దిరిగెను. ఇచ్చట మరలింపలేమి యస్త్రలోపముగఁ జెప్పఁబడలేదు, పాత్రశీలమై నిలిచినది. విడిచినపిదపఁ దనంతఁ దానే పోవు క్షిపణులకు సైనికభాషలోఁ బ్రయోగించి మఱచిపోఁదగినవని పేరు. ఆ పేరొక ప్రశంస. తిక్కన వినియుండిన నశ్వత్థామనే తలఁచుకొని యుండును.

ఇఁక భామహుని మూఁడవ ప్రశ్న. తోలుటేనుఁగులోని యోధులు పటములోని బొమ్మలు గారు, వారికిఁ జచ్చిన బంధువులున్నారు, కసి యున్నది, అది వారి బాణములకుఁ దెలియునని యాయన వాదము. శకటభేదకక్షిపణీవర్ణనమున "ఇన్ని ట్యాంకులు నాశ మొనర్పఁబడెను" అను వాక్యము కడపటి యలంకారముగ వచ్చుచుండును. కవచమును దొలిచిన ధార యంతటితో నాఁగదు. ఆగుటకుఁ జేయఁబడినదియుఁ గాదు. ట్యాంకున సామాన్యముగ మువ్వురో నలువురో యుందురు. బరువునకును, పొడవునకును, దూరమునకును నేర్పఱచిన గడులలో వారికి గడి లేదు. కల్పితరాజ్యము గావున నెవ్వరును జావలేదు గదా యని సమాధానము చెప్పవచ్చును. అట్లయినఁ గల్పితరాజ్యముయొక్క గెలుపును గెలుపు గాదు. దానిని గర్వముగఁ జెప్పుకొనుటకుఁ దావెచ్చట? స్విఫ్టు గ్రంథముననే బ్రాబ్డింగ్నాగు రాజు, గలివరు తుపాకిమందు రహస్యము నిచ్చెదననఁగా, దాని పనిని విని యసహ్యించుకొని, ప్రాణములపై నాశయున్నచో మఱల నా మాట యెత్తవలదని యాజ్ఞాపించెను. ఆ రాజును లేనివాఁడే. ఆ మందు చేయు హింస వాని సభలో జరుగలేదు. అయినను జదువరి కది కల్పనయని తేలికపడదు.

ఈ మూఁడవ పరీక్షకు నిలిచిన రచనగ వెల్సు 1903 డిసెంబరున స్ట్రాండుపత్రికలోఁ బ్రకటించిన "ది ల్యాండ్ ఐరన్‌క్లాడ్స్" అను కథను బేర్కొనవచ్చును. సోమ్ యుద్ధభూమిపై నిజమైన ట్యాంకులు నడచిన 1916 సెప్టెంబరు 15కుఁ బదుమూఁడేండ్ల పూర్వపుఁ గల్పన యగుటచే దానిని భవిష్యద్వాణిగఁ బొగడుట వాడుక. ఆ పొగడ్త దాని యసలుగుణమును మఱుఁగుపఱచుచున్నది. అందలి రెండు దేశములకును బేరులు లేవు. ఒక సేన ఱొమ్ముబలము, గుఱ్ఱపుసవారి, తుపాకిగుఱి నమ్ముకొన్నది. వేఱొక సేన పట్టణవాసులది, వారు నినుపయంత్రములలోఁ గూర్చుండి వచ్చిరి. ఓడిన సేనతో నున్న పత్రికావిలేఖరి యీ యుద్ధమును మానవజాతికిని, ఇనుపసామానునకును జరిగిన పోరుగఁ దన పత్రికకు వ్రాయఁదలఁచును. తుదకు వాఁడు బందీగా నుండి యా యంత్రమును, దాని ప్రక్క నీలియుడుపులతో నిలిచి కాఫీ త్రాగుచు, బిస్కత్తులు తినుచున్న కొందఱు సన్నని యువకులను జూచును. వారి కన్నులందును, నిలుకడయందును మనుష్యత్వమునకుఁ దక్కువగానిది యేదో యున్నదని వానికిఁ దోఁచును. విలేఖరి మంచి పనివాఁడగుటచేఁ దన వ్యాసమునందలి విరోధాలంకారము చెడునని యా మాటను వ్రాయక విడిచెను. వెల్సు దానిని గథకుఁ గడపటి వాక్యముగఁ జేసెను.